పరుల పైకం – మాగీ వాకర్ ముప్పైయైదేళ్ళ వృత్తి

సొంత డబ్బు దాచుకొనడం ఒక నేర్పు. పరుల డబ్బు దాచిపెట్టడం ఒక వృత్తి. మొదటిదానిలో పొరపడితే నష్టపోయేది మన ఇల్లు ఒక్కటే. రెండవదానిలో పొరపడితే వందల ఇళ్ళు ఒక్కసారిగా వీధిన పడతాయి. మన ఇళ్ళలో ఆడవారికి మొదటి నేర్పు ఎన్నడూ కొరవడలేదు. పోపుల పెట్టెలోనో, బియ్యపు డబ్బా అడుగుననో, కొంగు ముడిలోనో దాచిన నాలుగు రూపాయలు అవసరానికి బయటకు వచ్చి ఇంటి పరువు కాపాడిన సందర్భాలు ప్రతి కుటుంబమూ ఎరిగినవే. అయితే ఊరివారి పైకం పుచ్చుకొని, దానికి రసీదు వ్రాసి ఇచ్చి, వృద్ధి చేసి, అడిగిన రోజున వడ్డీతో సహా వారి చేతిలో పెట్టడం జీవితకాలపు వృత్తిగా చేపట్టిన స్త్రీల చరిత్ర మనకు అంతగా పరిచితం కాదు.

కుటుంబాల ఆదాయవ్యయాలను పరిశీలించి పొదుపు, బీమా, ఇంటి కొనుగోలు, పిల్లల చదువు, వృద్ధాప్యపు జీవనం మొదలైనవాటికి ముందుచూపుతో ఏర్పాట్లు చెప్పే పనికి నేడు ఆర్థిక ప్రణాళికా వృత్తి అని పేరు. ఆ పేరుతో, పరీక్షలతో, పట్టాలతో అది ఒక ప్రత్యేక వృత్తిగా రూపు దిద్దుకొన్నది అమెరికాలో. 1969 డిసెంబరులో చికాగో నగరంలో పదముగ్గురు సమావేశమై దానికి పునాది వేశారు. ఆ పదముగ్గురూ పురుషులే. కాని ఆ సమావేశానికి అరవై ఆరు సంవత్సరాల ముందే, అదే దేశంలో, వర్జీనియా రాష్ట్రపు రాజధాని అయిన రిచ్‌మండ్ నగరంలో ఒక స్త్రీ పొదుపు, బీమా, ఇంటి అప్పు, పిల్లలకు డబ్బు విలువ నేర్పడం అనే నాలుగు పనులనూ ఒక్కచోట చేర్చి నడుపుతూ ఉండినది. ఆమె మాగీ లీనా వాకర్. నల్లజాతి స్త్రీ, తల్లి ఇతరుల బట్టలుతికి పెంచిన బిడ్డ. 1899లో చేపట్టిన బాధ్యతను 1934లో కన్నుమూసే వరకు ఆమె విడువలేదు. ఈ ముప్పైయైదేళ్ళలో ఆమె చుట్టూ ఎన్నో బ్యాంకులు లేచి పడిపోయాయి. ఆమెది నిలిచింది. ఎందుచేత నిలిచిందో తెలుసుకొనడమే ఈ ప్రసంగంలోని ఉద్దేశం.

మాగీ 1864 జూలై 15న రిచ్‌మండ్‌లో పుట్టింది. అప్పటికి అమెరికా అంతర్యుద్ధం ఇంకా ముగియలేదు. బానిసత్వాన్ని కాపాడుకొనదలచిన దక్షిణ రాష్ట్రాల కూటమికి ఆ నగరమే రాజధాని. తల్లి ఎలిజబెత్ డ్రేపర్ ఒకనాడు బానిసగా బ్రతికిన మనిషి. వాన్ ల్యూ అనే సంపన్న శ్వేతజాతి స్త్రీ ఇంట వంటింటి పని చేసేది. ఆ ఇంట్లోనే పనిచేసే విలియం మిచెల్‌ను ఆమె వివాహమాడింది. అతడు తరువాత నగరంలోని ఒక హోటలులో మంచి ఉద్యోగం సంపాదించి కుటుంబాన్ని ప్రత్యేకంగా నిలిపాడు. కాని 1876లో అతని శవం జేమ్స్ నదిలో తేలింది. అధికారులు ఆత్మహత్య అన్నారు. కుటుంబం ఆ మాట నమ్మలేదు. ఏది ఏమైనా ఇంటి సంపాదన ఆనాటితో ఆగిపోయింది. తల్లి బట్టలుతికే పని పెట్టుకొన్నది. పన్నెండేళ్ళ మాగీ ఉతికిన బట్టల బుట్ట మోసుకొని తెల్లవారి ఇళ్ళకు తిరిగేది. తన బాల్యాన్ని తలచుకొన్నప్పుడల్లా ఆమె పెద్దయ్యాక ఆ బట్టల బుట్టనే గుర్తు చేసేది.

ఆ బుట్టతో తిరిగిన వీధులలోనే ఆమె మరొక సంగతి కూడా వినివుంటుంది. అది ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు కథ. ఆ కథ తెలియకపోతే మాగీ వాకర్ చేసిన పనిలోని బరువు మనకు అర్థం కాదు. బానిసత్వం నుండి విముక్తులైన వారు తమ కష్టార్జితాన్ని దాచుకొనేందుకు 1865లో కాంగ్రెసు శాసనంతో ఒక పొదుపు బ్యాంకు ఏర్పడింది. రిచ్‌మండ్‌తో సహా అనేక నగరాలలో దానికి శాఖలు వెలిశాయి. ప్రభుత్వమే దానికి పూచీ అని పేదలు నమ్మారు. వాస్తవానికి పూచీ ఏమీ లేదు. మొదట భద్రమైన ప్రభుత్వ పత్రాలలో మాత్రమే పెట్టవలసిన సొమ్మును, 1870లో నిబంధనలు సడలించిన పిదప, నిర్వాహకులు తమకు కావలసినవారికి, వారి వ్యాపారాలకు అప్పులుగా పోశారు. 1873లో ఆర్థిక సంక్షోభం వచ్చేసరికి ఆ అప్పులు వసూలు కాలేదు. ప్రఖ్యాత నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను 1874 మార్చిలో అధ్యక్షునిగా తెచ్చి కూర్చోబెట్టారు. అప్పటికే లోపల అంతా డొల్ల. తన సొంత డబ్బు పదివేల డాలర్లు పోసినా ఆయన దానిని నిలుపలేకపోయాడు. 1874 జూన్‌లో బ్యాంకు మూతపడింది. అప్పుడు దానిలో అరవై ఒక్క వేల మందికి పైగా ఖాతాదారులు ఉన్నారు. వారికి చెల్లవలసినది దాదాపు ముప్పై లక్షల డాలర్లు. కొందరికి ఏళ్ళ తరువాత కొంత భాగం ముట్టింది. అనేకులకు ఏమీ ముట్టలేదు.

డబ్బు పోవడం కన్న పెద్ద నష్టం మరొకటి జరిగింది. బ్యాంకు అనే మాట మీదనే ఒక తరానికి నమ్మకం పోయింది. పరుపు కింద దాచుకొన్నా దొంగ ఒక్కడే ఎత్తుకొనిపోతాడు, బ్యాంకులో వేస్తే పెద్దమనుషులంతా కలిసి మింగుతారు అనే భావం మనసులలో నాటుకొన్నది. ఇటువంటి నేలలో మళ్ళీ పొదుపు విత్తనం వేయడం మాటలా?

మాగీ చదువులో చురుకైనది. ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో 1883లో పట్టం పుచ్చుకొని బడిపంతులమ్మ అయింది. మూడేళ్ళు పనిచేసి 1886లో ఆర్మ్‌స్టెడ్ వాకర్ అనే తాపీపని, కట్టుబడి వ్యాపారం గల కుటుంబపు యువకుని పెళ్ళి చేసుకొన్నది. పెళ్ళైన స్త్రీ బడిలో పనిచేయరాదని ఆనాటి నియమం, ఉద్యోగం పోయింది. ఈ చిన్న సంగతి గమనింపదగినది. చదువు ఉన్నది, సామర్థ్యం ఉన్నది, అయినా మెడలో పెళ్ళి పడగానే తలుపు మూసుకొన్నది. వివాహిత స్త్రీకి తన ఆస్తి మీద, తన సంపాదన మీద ప్రత్యేకమైన హక్కు ఇచ్చే శాసనం వర్జీనియాలో 1877లో గాని రాలేదు. అంటే మాగీ తల్లి బట్టలుతకడం మొదలుపెట్టిన నాటికి, భర్త ఉన్న స్త్రీ సంపాదన చట్టం దృష్టిలో భర్త సొత్తే.

బడి తలుపు మూసుకొన్నా ఆమెకు మరొక తలుపు అంతకుముందే తెరిచి ఉన్నది. పద్నాలుగేళ్ళ వయసులోనే ఆమె సెయింట్ లూక్ సంఘం అనే పరస్పర సహాయ సంఘంలో చేరింది. 1867లో బాల్టిమోర్ నగరంలో మేరీ ప్రౌట్ అనే నల్లజాతి స్త్రీ స్థాపించిన సంఘమది. సభ్యులు నెలనెలా కొద్దిపాటి రుసుము కట్టేవారు. ఎవరైనా జబ్బుపడితే సాయం చేసేవారు. మరణిస్తే అంత్యక్రియలకూ, వెనుక మిగిలిన కుటుంబానికీ కొంత పైకం ఇచ్చేవారు. తెల్లవారి బీమా సంస్థలు నల్లవారిని చేర్చుకొనేందుకు ఇష్టపడని రోజులవి. 1881లో ఒక పెద్ద సంస్థ అంతే రుసుము పుచ్చుకొంటూ నల్లజాతి వారికి చెల్లించే మొత్తాన్ని మూడోవంతు తగ్గించింది. కాబట్టి ఇటువంటి సంఘాలే వారికి దిక్కు.

మాగీ ఈ సంఘంలో మెట్టు మెట్టుగా పైకి వచ్చింది. రోగుల వద్ద కూర్చుంది, చందాలు వసూలు చేసింది, లెక్కలు వ్రాసింది. లెక్కలు వ్రాసే విద్యను ప్రత్యేకంగా చదివి నేర్చుకొన్నది. 1895లో బాలబాలికల కోసం సంఘంలో ఒక శాఖ ఏర్పరచాలని ప్రతిపాదించి, దానిని తానే నడిపింది. పిల్లలకు పొదుపు అలవడితే వారి వెంట తల్లులు వస్తారు. తల్లుల వెంట కుటుంబమంతా వస్తుంది అని ఆమె గ్రహించింది.

1899లో సంఘం దాదాపు మూతపడే స్థితికి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా కార్యదర్శిగా ఉన్న పెద్దమనిషి ఇక లాభం లేదని తప్పుకొన్నాడు. పెట్టెలో మిగిలినవి 31 డాలర్ల 61 సెంట్లు. చెల్లించవలసిన బాకీలు 400 డాలర్లు. సభ్యులు వెయ్యిమందికి కొంచెం పైన. ఆ బాధ్యతను ముప్పైయైదేళ్ళ మాగీ వాకర్ ఒప్పుకొన్నది. వెనుకటి కార్యదర్శికి సాలుకు 300 డాలర్లు జీతమైతే ఆమెకు నిర్ణయించినది వంద. దేనిలోనైనా స్త్రీకి పెద్ద పదవి దొరికేది అది మునిగిపోతున్నప్పుడేనని కొందరు హాస్యంగా అంటారు. ఆ హాస్యంలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆమె దానిని మునిగే పడవగా చూడలేదు. ఇన్నాళ్ళు సరిగా తెడ్డు వేయని పడవగా చూసింది. ఊరూరా తిరిగింది. కొత్త సభ్యులను చేర్చింది. వచ్చిన ప్రతి సెంటుకూ లెక్క చూపింది.

1901లో జరిగిన సంఘ మహాసభలో ఆమె ఒక పూర్తి ప్రణాళికను ముందుంచింది. మనకు ఒక పత్రిక కావాలి, ఒక అంగడి కావాలి, అన్నిటికన్న ముఖ్యంగా ఒక పొదుపు బ్యాంకు కావాలి అన్నది. మన చిన్న నాణేలను ఒకచోట చేర్చి మనవారికే అప్పులిచ్చి ఆ వడ్డీ లాభం మనమే పొందుదామని ఆమె వాదం. ఇంతవరకు సంఘం చేసినది కష్టం వచ్చాక ఆదుకొనడం. ఇక కష్టం రాకముందే ఏర్పాటు చేసుకొందామని ఆమె పిలుపు. సహాయానికీ ప్రణాళికకూ మధ్యగల భేదమంతా ఇక్కడే ఉన్నది.

ఆలోచన వచ్చిన మరునాడే ఆమె బ్యాంకు తెరవలేదు. ముందు ‘సెయింట్ లూక్ హెరాల్డ్’ పత్రిక 1902లో వెలువడింది. అది సభ్యులతో మాట్లాడే గొంతుక. ఇక బ్యాంకు పని నేర్చుకొనడానికి ఆమె నగరంలోని మర్చంట్స్ నేషనల్ బ్యాంకులో కొన్ని నెలలపాటు రోజూ కొన్ని గంటలు కూర్చుని అక్కడి పద్ధతులను పరిశీలించింది. అది శ్వేతజాతీయుల బ్యాంకు. అప్పటికే వేలమంది సభ్యులకు నాయకురాలైన స్త్రీ విద్యార్థినిలా మరొకరి గుమాస్తాల పక్కన కూర్చుని నేర్చుకొనడానికి సిగ్గుపడలేదు. అంతేకాదు, డబ్బు లెక్కించే గదికి ముఖ్యాధికారిగా ఎమెట్ బర్క్ అనే అనుభవజ్ఞుడిని తెచ్చుకొన్నది. తాను అధ్యక్షురాలు, తనకు తెలియని పని తెలిసినవానికి అప్పగించింది.

1903 నవంబరు 2న సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు తలుపులు తెరిచింది. అమెరికాలో బ్యాంకు స్థాపించిన తొలి నల్లజాతి స్త్రీగా మాగీ వాకర్ పేరు చరిత్రలో నిలిచింది. పెన్నీ అంటే సెంటు. డాలరులో నూరవ వంతు. ఆ పేరులోనే బ్యాంకు ఉద్దేశమంతా ఉన్నది. తొలిరోజున వచ్చిన మొత్తం తొమ్మిది వేల డాలర్లకు పైబడినా, ఒక ఖాతా కేవలం 31 సెంట్లతో మొదలైంది. ఆ 31 సెంట్ల మనిషికి కూడా పాసు పుస్తకం ఇచ్చి, అందరితోపాటు పేరు వ్రాసుకొన్నారు.

పిల్లలకు చిన్న అట్టపెట్టెలు పంచారు. దొరికిన సెంట్లు దానిలో వేసుకొని, నూరు నిండగానే బ్యాంకుకు తెచ్చి సొంత ఖాతా తెరవాలి. ఖాతా తెరవడం ఆ బిడ్డకు పండుగ. ఈ ఏర్పాటును పైపైన చూస్తే పిల్లల ఆటలా ఉంటుంది. కాని ఇది ఇల్లిల్లూ తిరిగి చేసే ప్రచారం కన్న బలమైనది. బిడ్డ ఖాతాను చూడవచ్చిన తల్లి తన కొంగుముడి కూడా విప్పుతుంది. ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు చేతిలో మోసపోయిన తాత తన మనుమరాలి పాసు పుస్తకంలో అంకెలు పెరగడాన్ని కళ్ళారా చూస్తాడు.

ఈ డబ్బు ఎక్కడికి పోయింది? ప్రశ్న అది. పొదుపు చేర్చడం ఒక వంతు. దానిని ఎవరికి, ఎందుకు అప్పు ఇస్తామన్నది రెండవ వంతు. వాకర్ బ్యాంకు ముఖ్యంగా ఇళ్ళ కొనుగోలుకు అప్పులిచ్చింది. అద్దె ఇంట్లో ఉండే తాపీపనివాడు, పొగాకు కర్మాగారంలో పనిచేసే స్త్రీ నెలకింత చొప్పున తీర్చుకొంటూ సొంత ఇంటివారయ్యారు. ఈ బ్యాంకు చేయూతతో 1920 నాటికి సుమారు 645 కుటుంబాలు సొంత ఇళ్ళు సమకూర్చుకొన్నాయి. అద్దెకు పోయే డబ్బు ఆస్తిగా మారడం కన్న మంచి ఆర్థిక ప్రణాళిక సామాన్య గృహస్థుకు మరేముంటుంది?

ఆనాటి రిచ్‌మండ్‌లో నల్లజాతి స్త్రీకి ఎక్కువగా దొరికే పనులు మూడు: ఇంటి పని, బట్టలుతకడం, పొగాకు కర్మాగారం. మాగీ వాకర్ సంఘం కార్యాలయంలో, బ్యాంకులో వారికి నాలుగవ దారి తెరిచింది. టైపు కొట్టడం, ఖాతాలు వ్రాయడం, డబ్బు లెక్కించి ఇవ్వడం నేర్పింది. బ్యాంకు పాలక వర్గంలో కూడా స్త్రీలను కూర్చోబెట్టింది. తాను ఒక్కతె పైకి రావడం వృత్తి కాదు, వెనుకవచ్చే వారికి బల్ల దగ్గర కుర్చీ వేయడమే వృత్తిని నిలబెట్టడం అని ఆమె ఆచరణ చెబుతున్నది.

అయితే ఆమె చేసిన పనులన్నీ ఫలించాయని అనుకొనరాదు. 1905లో బ్రాడ్ వీధిలో ఒక పెద్ద బట్టల అంగడి తెరిచింది. నల్లజాతి స్త్రీలు గౌరవంగా ముందు గుమ్మం గుండా వచ్చి కొనుక్కొనే అంగడి. నల్లజాతి యువతులకు అమ్మకపు ఉద్యోగం ఇచ్చే అంగడి. ఆ వీధిలోని తెల్లవర్తకులు ముందుగా ఆ భవనాన్ని తమకే అమ్మివేయమని డబ్బు ఆశ చూపారు. ఆమె లొంగకపోయేసరికి, ఆ అంగడికి సరుకు పంపరాదని టోకు వ్యాపారులను ఒత్తిడి చేశారు. చౌక ధరలు చూసుకొని సొంతవారు కూడా కొందరు పాత అంగళ్ళకే పోయారు. 1911లో అంగడి మూతపడింది. మూసివేయవలసినది సకాలంలో మూసివేయడం కూడా పరుల పైకం చూసేవారికి ఉండవలసిన గుణమే. అంగడి మీది మమకారంతో బ్యాంకు సొమ్ము దానిలో పోస్తూ పోతే రెండూ మునిగేవి.

ఈ మాట ఊరకే అనడం లేదు. దానికి నిదర్శనం రిచ్‌మండ్‌లోనే ఉన్నది. ‘ట్రూ రిఫార్మర్స్’ అనే మరొక పరస్పర సహాయ సంఘం 1889లోనే అక్కడ బ్యాంకు తెరిచింది. 1893లో దేశాన్ని కుదిపిన సంక్షోభాన్ని కూడా తట్టుకొని పేరు తెచ్చుకొన్నది. తరువాత ఆ సంఘం నడిపే ఇతర వ్యాపారాలకు బ్యాంకు సొమ్ము సరైన హామీ లేకుండా తరలిపోయింది. లోపల అపహరణ కూడా జరిగింది. 1910లో అది కూలిపోయింది. ఎమెట్ బర్క్ పని నేర్చుకొన్నది ఆ బ్యాంకులోనే. మళ్ళీ వేలమంది పేదలు చేతిలో పాసు పుస్తకాలు పట్టుకొని మూసిన తలుపుల ముందు నిలబడ్డారు. 1874 తిరిగి వచ్చినట్లయింది.

అప్పుడు వర్జీనియా ప్రభుత్వం బ్యాంకులను తనిఖీ చేసే ఏర్పాటు తెచ్చింది. సంఘం వేరు, బ్యాంకు వేరు కావాలన్నది. మాగీ వాకర్ తన బ్యాంకును సంఘం నుండి విడదీసి ప్రత్యేక సంస్థగా మార్చింది. సంఘం పుస్తకాలు వేరు, బ్యాంకు పుస్తకాలు వేరు. తాను పెంచిన రెండు బిడ్డల మధ్య తానే గోడ కట్టడం వంటిది ఇది. కాని ఆ గోడే ఖాతాదారులకు కోట. 1922లో అదే నగరంలోని మెకానిక్స్ సేవింగ్స్ బ్యాంకు కూడా మూతపడినప్పుడు, వాకర్ బ్యాంకు నిలిచి ఉండడానికి ఇటువంటి జాగ్రత్తలే కారణం.

ఆమె వ్యక్తిగత జీవితంలోనూ పిడుగు పడింది. 1915 జూన్‌లో ఒక రాత్రి, ఇంటి మీదికి దొంగ వచ్చాడన్న భ్రమలో ఆమె పెద్దకొడుకు కాల్చిన తుపాకి గుండు సొంత తండ్రికే తగిలింది. భర్త మరణించాడు, కొడుకు హత్యానేరం మీద న్యాయస్థానంలో నిలిచాడు. విచారణ జరిగి అతడు నిర్దోషి అని తేలింది. ఈ నడుమ సంఘంలో ఆమె అంటే గిట్టనివారు ఆమెను పదవి నుండి దింపడానికి ప్రయత్నించారు. వారి ప్రయత్నం సాగలేదు. పదహారేళ్ళుగా ఆమె చూపిన లెక్కలు సభ్యుల ఎదుట ఉన్నాయి. ఇంటి దుఃఖాన్ని అడ్డం పెట్టుకొని వేలెత్తి చూపినవారికి ఆ పుస్తకాలే జవాబు చెప్పాయి.

1920వ దశకం నడుమకు వచ్చేసరికి సెయింట్ లూక్ సంఘంలో సభ్యులు లక్షకు పైబడ్డారు. ఇరవైకి పైగా రాష్ట్రాలలో శాఖలు ఏర్పడ్డాయి. 31 డాలర్ల పెట్టెతో మొదలైన ప్రయాణం అది. ఈలోగా మోకాలి దెబ్బ, మధుమేహం ఆమె నడకను హరించాయి. చివరి సంవత్సరాలలో చక్రాల కుర్చీలోనే కార్యాలయానికి వచ్చేది. ఇంట్లో మేడ ఎక్కేందుకు లిఫ్టు అమర్చుకొన్నది. పని మాత్రం మానలేదు.

ఆమె వృత్తి జీవితంలో అన్నిటికన్న కఠినమైన నిర్ణయం చివరి ఘట్టంలో వచ్చింది. 1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కూలింది. దేశమంతటా ఆర్థిక మాంద్యం కమ్ముకొన్నది. 1930 మొదలు 1933 వరకు అమెరికాలో దాదాపు తొమ్మిదివేల బ్యాంకులు మూతపడ్డాయి. బ్యాంకు పడిపోతే ఖాతాదారుల సొమ్ముకు ప్రభుత్వం హామీ ఉండే శాసనం 1933లో గాని రాలేదు. అంతవరకు బ్యాంకు పోతే దాచుకొన్నది పోయినట్లే. మాగీ వాకర్ ముందుగానే పరిస్థితిని గుర్తించింది. నగరంలోని మరొక నల్లజాతి బ్యాంకుతో తన బ్యాంకును కలిపివేసింది. 1930 జనవరిలో కన్సాలిడేటెడ్ బ్యాంక్ అండ్ ట్రస్ట్ కంపెనీ అనే కొత్త పేరుతో ఉమ్మడి సంస్థ మొదలైంది. మరుసటి ఏడాది మూడవ బ్యాంకు కూడా వచ్చి కలిసింది. ఆమె పాలకవర్గానికి అధ్యక్షురాలైంది.

తన చేతులతో కట్టి, ఇరవై ఆరేళ్ళు పెంచిన సంస్థ పేరును ఆమె స్వయంగా తుడిచివేసింది. పేరు నిలబెట్టుకొనాలని పట్టుబట్టి ఉంటే బహుశా పేరు, పైకం రెండూ పోయేవి. పేరు వదులుకొన్నందువల్ల పైకం మిగిలింది. ఆ బ్యాంకు మాంద్యాన్ని దాటింది. మాగీ వాకర్ 1934 డిసెంబరు 15న మరణించింది. బ్యాంకు ఆమె తరువాత కూడా బ్రతికి 2005 వరకు స్వతంత్ర సంస్థగా పనిచేసింది. ఈస్ట్ లీ వీధిలో ఆమె నివసించిన ఇల్లు 1978లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందింది. 2017లో ఆమె జన్మదినాన రిచ్‌మండ్ నడిబొడ్డున, ఒకనాడు ఆమె అంగడి మూతపడిన బ్రాడ్ వీధిలోనే, ఆమె విగ్రహాన్ని నెలకొల్పారు.

మాగీ వాకర్ తెరిచిన దారి వెంటనే రాజమార్గం కాలేదు. న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజి 1792లో పుట్టింది. దానిలో ఒక స్త్రీకి, మ్యూరియల్ సీబర్ట్‌కు, తొలిసారి స్థానం దొరికినది 1967 డిసెంబరులో. అప్పు ఇచ్చేటప్పుడు స్త్రీ అని గాని, వివాహిత అని గాని భేదం చూపరాదనే శాసనం అమెరికాలో 1974లో వచ్చింది. ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు మూతపడిన సరిగా నూరేళ్ళకు! అంతవరకు భర్త సంతకం లేనిదే అప్పు ఇవ్వమనే బ్యాంకులు అనేకం. మాగీ వాకర్ మాత్రం ఆ శాసనానికి డెబ్బై ఏళ్ళ ముందే స్త్రీల చేతుల నుండి సెంట్లు పుచ్చుకొని, స్త్రీల చేత లెక్క వ్రాయించి, స్త్రీల పేర ఖాతాలు నడిపింది.

నేడు ఎందరో యువతులు బ్యాంకులలో, బీమా సంస్థలలో, కుటుంబాలకు ఆర్థిక సలహాలు చెప్పే వృత్తిలో ప్రవేశిస్తున్నారు. వారికి మాగీ వాకర్ చరిత్ర ఏమి చెబుతుంది? పని చేపట్టే ముందే పని నేర్చుకొనమంటుంది. ఆమె అధ్యక్షురాలయ్యే ముందు గుమాస్తాల పక్కన కూర్చున్నది. చిన్న మొత్తాన్ని చిన్నచూపు చూడవద్దంటుంది. 31 సెంట్ల ఖాతా ఆమె బ్యాంకులో ఖాతాయే. ఒక పెట్టెలోని సొమ్మును మరొక పెట్టెలో కలపవద్దంటుంది. నష్టపు పనిని నిలిపివేయడానికి సంకోచింపవద్దంటుంది. చివరకు తన పేరుకూ ఖాతాదారుల పైకానికీ మధ్య ఎంచుకొనవలసి వస్తే పైకాన్నే ఎంచుకొనమంటుంది.

మంచితనం ఒక్కటే నమ్మకానికి చాలదు. ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు చివరి అధ్యక్షుడు డగ్లస్ మహానుభావుడే. అయినా అరవైవేల మంది నష్టపోయారు. నమ్మకానికి పునాది ప్రతి సాయంత్రం సరిచూసిన లెక్క. బట్టల బుట్ట మోసే రోజులలో మాగీ ఆ పాఠం నేర్చుకొని ఉండవచ్చు. ఏ ఇంటి బట్టలు ఆ ఇంటికే, లెక్క తప్పకుండా, మడత చెడకుండా చేర్చితేనే మరునాడు మళ్ళీ పిలుపు వస్తుంది. తరువాత ఆమె ఆ పద్ధతినే పరుల పైకం విషయంలో ముప్పైయైదేళ్ళు పాటించింది.